పాత జానపద సినిమాల్లో పక్క పాత్రల నటుల్ని గుర్తుపట్టడం, వాళ్ళ పేరు మీద ఇంట్లో ఒక సాయంత్రం పండగ చేసుకోవడం ఎలా?

పాతాళ భైరవిలో తోట రాముడు ఎవరంటే రామారావు అని ఎవరైనా చెప్తారు, నేపాళ మాంత్రికుడు ఎవరంటే రంగారావు అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మరి ఆ తోట రాముడి తల్లిగా వేసినావిడ ఎవరు అని అడగండి, చాలామంది ఆగిపోతారు. ఆవిడ సురభి కమలాబాయి. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసింది ఆవిడే, అంటే తెలుగు తెర మీద మాట్లాడిన మొదటి కథానాయిక అన్నమాట. అంత మనిషి 1951కి వచ్చేసరికి ఉజ్జయినిలో ఒక తోటమాలి ఇంట్లో కొడుకు కోసం బెంగపడే తల్లిగా కనిపిస్తుంది, మనం ఆ సీన్లో రాముడినే చూస్తూ కూచుంటాం.

నా బాధంతా ఇదే. జానపద సినిమాలో లేని రాజ్యాన్ని, లేని మాంత్రికుడిని, లేని రాక్షసుడిని మనం నమ్మాలి కదా, ఆ నమ్మకం హీరో కత్తి తిప్పితే రాదు, పక్కన నిలబడ్డ సేనాధిపతి నిజంగా భయపడితే వస్తుంది, సింహాసనం మీద ఉన్న రాజు గొంతులో బరువుంటే వస్తుంది, మంత్రగాడి శిష్యుడు గురువుని చూసి నిజంగా వణికితే వస్తుంది. వీళ్ళని గుర్తుపట్టి పేరు పెట్టి పిలవడం నేర్చుకుంటే అవే సినిమాలు కొత్తగా కనిపిస్తాయి. దానికి నేను పాటించే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

1. ముందు ఏ సినిమాలు చూడాలో తేల్చుకోండి

జానపదాలు అనగానే యూట్యూబ్‌లో ఏది కనబడితే అది పెట్టేసుకుంటే రెండో రోజుకే అన్నీ కలిసిపోతాయి, అన్నింట్లో గుహ, అన్నింట్లో పుర్రె, అన్నింట్లో రాకుమారి. అందుకని కాలం ప్రకారం మూడు ముక్కలుగా పెట్టుకోండి.

మొదటిది నాటకాల వాళ్ళ కాలం. 1942 బాలనాగమ్మ, 1949 కీలుగుర్రం, గుణసుందరి కథ, 1950 స్వప్నసుందరి. ఇందులో వాళ్ళు చాలామంది స్టేజీ మీంచి నేరుగా వచ్చినవాళ్ళు కాబట్టి గొంతు పెద్దది, చేతులు పెద్దవి. రెండోది విజయా వాళ్ళ కాలం, 1951 పాతాళ భైరవి, 1961 జగదేకవీరుని కథ, రెండూ కె.వి.రెడ్డి గారివే. మధ్యలో 1957 మాయాబజార్ పౌరాణికం అయినా పక్క పాత్రల కోసం అది చూసి తీరాలి, కారణం కింద చెప్తా. మూడోది దర్శకుడు విఠలాచార్య గారి కాలం, 1959 జయవిజయ, 1963 బందిపోటు, 1964 అగ్గిపిడుగు, 1965 జ్వాలాద్వీప రహస్యం, 1967 చిక్కడు దొరకడు, అక్కణ్ణుంచి 1978 జగన్మోహిని దాకా.

చందమామ చదివి పెరిగిన వాళ్ళకి ఇంకో సంగతి. 1947 జులైలో చందమామ మొదలెట్టిన నాగిరెడ్డి–చక్రపాణి గార్లే విజయా సంస్థ పెట్టి పాతాళ భైరవి తీశారు. అందుకే ఆ సినిమాలో కథ నడక చందమామ కథలాగే ఉంటుంది, పిల్లలకి చూపించడానికి అంతకన్నా మంచి మొదలు లేదు.

కాపీ ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు, టైటిల్స్ ఉన్న కాపీనే తీసుకోండి. టీవీ కోసం కోసినవాటిలో ముందు టైటిల్స్ ఎగిరిపోతాయి, కామెడీ సీన్లు ఎగిరిపోతాయి, అంటే మనకి కావాల్సినవాళ్ళే ఎగిరిపోతారన్నమాట. పాతాళ భైరవి మూడు గంటల పైన ఉంటుంది, రెండుంపావు గంటల కాపీ దొరికితే అది వదిలేయండి. ఒకే సినిమాకి నాలుగైదు అప్‌లోడ్‌లు ఉంటాయి, అన్నిటికీ నిడివి పోల్చి ఎక్కువున్నదే పెట్టుకోండి, బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా పర్లేదు.

2. టైటిల్స్ దగ్గర ఆపండి

ఇది అందరూ దాటేసే చోటు. పాత సినిమాల్లో తారాగణం కార్డులు నాలుగైదు ఉంటాయి, మొదటి కార్డులో హీరో హీరోయిన్లు, తర్వాత కార్డులో పది పన్నెండు పేర్లు గుత్తంగా ఉంటాయి, చాలాసార్లు ఎవరు ఏ పాత్ర అన్నది ఉండదు. ప్రతి కార్డు దగ్గర ఆపి ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి, పేర్లన్నీ నోటుబుక్కులో ఒక పేజీ మీద ఎడమ పక్కన కిందకి రాసుకోండి, కుడి పక్క ఖాళీగా వదలండి. సినిమా అయ్యేలోపు ఆ కుడి పక్క నింపడమే మన పని.

మొదటిసారి సగం కూడా నిండవు, ఏం పర్లేదు. రామారావు, రేలంగి, రమణారెడ్డి లాంటి తెలిసిన పేర్లు ముందు కొట్టేస్తే మిగిలిన పేర్లు ఎన్నో తేలుతుంది, తెర మీద తెలియని మొహాలు ఎన్నో తేలుతుంది, అక్కణ్ణుంచి జత చేసుకుంటూ పోవడమే.

పాత పాటల పుస్తకాలు దొరికితే అదృష్టమే. హాలు బయట అణాకో బేడకో అమ్మినవి, లోపల కథాసంగ్రహం, పాటలు, చాలావాటిలో పాత్రల పేర్లు ఎదురుగా నటుల పేర్లు ఉంటాయి. హైదరాబాద్‌లో ఆదివారం కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర, విజయవాడలో పాత పుస్తకాల షాపుల్లో అడుగుతూ ఉండండి. విజయచిత్ర అనే సినిమా పత్రిక పాత సంచికలు దొరికినా వదలొద్దు.

3. రెండుసార్లు చూడండి, రెండోసారి హీరోని వదిలేయండి

మొదటిసారి మామూలుగా, అందరితో కూచుని, కథ కోసం చూడండి. రెండోసారి ఒక్కరే చూడండి, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని. హీరో మాట్లాడుతున్నప్పుడు హీరోని చూడొద్దు, వింటున్నవాళ్ళని చూడండి. సభ సీన్ వస్తే సింహాసనానికి అటూ ఇటూ నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినే చూడండి. తనకి డైలాగు లేనప్పుడు మనిషి ఏం చేస్తున్నాడు అన్నది చూస్తే చాలు, నటుడెవరో, ఊరికే నిలబెట్టిన మనిషెవరో తెలిసిపోతుంది.

ఒక్కో మొహానికి ఒక్కో వరస రాసుకోండి, సినిమా పేరు, ఎన్నో నిమిషం, ఏం వేషం, కథలో ఏం పని, గొంతు ఎలా ఉంది, ఒంటి తీరు ఎలా ఉంది. మొహం కంటే గొంతు, నడక ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే జానపదంలో గడ్డాలు, మీసాలు, కిరీటాలు, జడలు మొహాన్ని మొత్తం మార్చేస్తాయి, గొంతుని మార్చలేవు. ఎవరో తేలకపోతే ఆ సీన్ కళ్ళు మూసుకుని ఇంకోసారి వినండి, మీకు తెలిసిన ఇంకో సినిమాలోంచి ఆ గొంతు దానంతటదే వచ్చి పేరు చెప్తుంది.

4. కథలో ఉద్యోగం పట్టి మనిషిని పట్టుకోండి

జానపదంలో పాత్రలు మారతాయి గానీ ఉద్యోగాలు మారవు. రాజు, మంత్రి, సేనాధిపతి, మాంత్రికుడు, వాడి శిష్యుడు, హీరో పక్క స్నేహితుడు, రాణి, చెలికత్తె, పేదరాసి పెద్దమ్మ, రాక్షసుడు. ఒక్కో ఉద్యోగానికీ కొందరు నటులు పేటెంటు తీసుకున్నట్టే ఉంటారు, అందుకని అక్కణ్ణుంచి వెతకడం తేలిక. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, నాకు ఇష్టమైన భాగం ఇదే.

మాంత్రికుడితో మొదలెడదాం. రంగారావు గారి కంటే ముందు తెలుగు ప్రేక్షకుల్ని భయపెట్టిన మాంత్రికుడు ఒకాయన ఉన్నాడు, డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు, 1942 బాలనాగమ్మలో మాయల ఫకీరు. పేరు ముందు డాక్టర్ అన్నది బిరుదు కాదు, ఆయన నిజంగా వైద్యం చేసిన మనిషి. అదే మనిషి 1938లో మాలపిల్లలో సుందరరామశాస్త్రి, 1949 గుణసుందరి కథలో కూతుళ్ళని నమ్మి చెడిపోయిన రాజు, 1955 కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు. ఈ నాలుగూ ఒక వారంలో చూడండి, ఒకే మనిషి అంటే నమ్మబుద్ధి కాదు, నా లెక్కలో మన సినిమాలో ఇప్పటిదాకా వచ్చిన గొప్ప నటుల మొదటి వరసలో ఆయన ఉండాలి, ఆయన పేరు ఈ తరంలో చాలామందికి తెలియకపోవడం అన్యాయం.

తర్వాత ముక్కామల కృష్ణమూర్తి. స్వప్నసుందరిలో మాంత్రికుడు, మాయాబజార్లో దుర్యోధనుడు, జగదేకవీరుని కథలో హీరో తండ్రి. ఋష్యశృంగ సినిమాకి దర్శకుడు కూడా ఆయనే. ఆయన్ని గుర్తుపట్టడానికి భారీ విగ్రహం, గొంతులో గర్జన, ఇవి రెండూ చాలు. దుర్యోధనుడిలా ఆయన అందర్నీ చూసే చూపునీ, మీ కోరికేంటని కొడుకుల్ని అడిగే తండ్రిగా చూసే చూపునీ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మాంత్రికుడి శిష్యుడు అనగానే సదాజపుడు. పాతాళ భైరవిలో పద్మనాభం, అప్పటికి ఇరవై కూడా నిండని కుర్రాడు, కడప జిల్లా సింహాద్రిపురం నుంచి వచ్చినవాడు. ఆ పాత్ర కామెడీ అనుకుని వదిలేస్తాం గానీ కథలో సగం ఆ శిష్యుడి చేతిలోనే ఉంది, చచ్చిపడి ఉన్న గురువుని సంజీవని మూలికతో లేపేది వాడే, వాడు లేపకపోతే సినిమా అక్కడితో అయిపోయేది. ఆ సీన్లో పద్మనాభం మొహం ఒక్కసారి దగ్గరగా చూడండి, గురువు పోయాడన్న ఏడుపు, లేస్తాడో లేవడో అన్న భయం, లేచాక ఏమంటాడో అన్న ఇంకో భయం, మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇదే పద్మనాభం తర్వాత నిర్మాతగా మారి, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్నతో బాలసుబ్రహ్మణ్యం గారికి సినిమాలో మొదటి పాట ఇచ్చాడు, ఈ సంగతి పాటల అభిమానులకి తెలుసు గానీ సదాజపుడూ ఆయనా ఒకరే అని వాళ్ళలో చాలామంది కలుపుకోరు.

అదే సినిమాలో అంజిగా వల్లూరి బాలకృష్ణ. ఆ పాత్ర పేరే ఆయన పేరైపోయింది, జనం అంజి అనే పిలిచారు. హీరో పక్కన స్నేహితుడిగా నిలబడి, హీరో కంటే ఎక్కువ మాట్లాడుతూ, హీరోని మించకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. ఇక పాతాళ భైరవి అమ్మవారిగా కనిపించేది గిరిజ, తర్వాత రోజుల్లో రేలంగి పక్కన అల్లరి జంటగా మనకి తెలిసిన గిరిజే. విగ్రహంలోంచి వచ్చిన దేవతకి కదలికలు తక్కువ, నవ్వు తక్కువ, మరి కామెడీలో ఆవిడ అసలు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. రెండూ చూశాకే గిరిజ గురించి మాట్లాడాలి.

మంత్రి అంటే సి.ఎస్.ఆర్., అంటే చిలకలపూడి సీతారామాంజనేయులు. జగదేకవీరుని కథలో బాదరాయణ ప్రగ్గడ. రాజు రాజనాల, ఆయనకి ఒకరి భార్యల మీద మోజు, ఆ మోజుకి దారులు కనిపెట్టేది ఈ ప్రగ్గడ. ఆయన ఎక్కడా గొంతు పెంచడు, కళ్ళు పెద్దవి చెయ్యడు, మాటని మెత్తగా సాగదీసి చివర్లో వదిలేస్తాడు, చెడ్డ సలహాని ధర్మసూక్ష్మం చెప్పినట్టు చెప్తాడు. రాజనాల ఎగిరెగిరి పడుతుంటే పక్కన ఈయన కదలకుండా నిలబడి సీన్ మొత్తం తన వైపు లాక్కుంటాడు. మాయాబజార్లో శకుని కూడా ఈయనే. 1939లో పి.పుల్లయ్య గారి సినిమాలో సాక్షాత్తూ వేంకటేశ్వరస్వామిగా వేసి దండాలు పెట్టించుకున్నదీ ఈయనే.

రాజనాల అంటే పేరు తెలియనివాడు కాదు గానీ ఒక సంగతి చెప్పి తీరాలి. రాజనాల కాళేశ్వరరావు నెల్లూరు జిల్లా కావలి మనిషి, 1953లో హెచ్.ఎం.రెడ్డి గారి ప్రతిజ్ఞతో విలన్‌గా వచ్చాడు, అదే సినిమాలో హీరోగా నిలబడింది కాంతారావు. అంటే ఆ తర్వాత పదిహేనేళ్ళు జానపదాల్లో కత్తులు దూసుకున్న జంట ఒకే సినిమాలో మొదలైంది, ఆ దర్శకుడే 1932లో భక్త ప్రహ్లాద తీసినాయన. ఇలాంటి దారాలు దొరికినప్పుడు నోటుబుక్కులో వేరే పేజీలో రాసుకోండి, పండగ రోజు చెప్పుకోడానికి ఇవే పనికొస్తాయి.

రాజు అంటే, ముఖ్యంగా మంచి రాజు, మోసపోయే రాజు, చెరసాలలో గడ్డం పెరిగిన రాజు అంటే మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి. గుంటూరు జిల్లా, ప్రజానాట్యమండలి మనిషి. మాయాబజార్లో కర్ణుడు. ఈయన గురించి నాకు గౌరవం రెట్టింపు కావడానికి కారణం సినిమా కాదు, తనకి ముందు రంగస్థలం మీద బతికిన నటుల జీవితాలన్నీ సేకరించి నటరత్నాలు అని రాశాడు. మరుగున పడ్డ నటుల పేర్లు నిలబెట్టడానికి ఒక నటుడే పూనుకున్నాడు, మనం ఇప్పుడు చేస్తున్న పనికి ఆయనే ముందు దారి వేశాడు.

సేనాధిపతి, దుష్ట యువరాజు, రాక్షసుడు వీటిల్లో కైకాల సత్యనారాయణ గారి తొలి రోజులు వెతకండి. 1959లో సిపాయి కూతురుతో హీరోగా వచ్చాడు, అది ఆడలేదు, మరుసటి ఏడు కనకదుర్గ పూజా మహిమలో విఠలాచార్య గారు ప్రతినాయకుడి వేషం ఇచ్చారు, అక్కడ ఆయన దారి మారింది. త్యాగరాజు, నెల్లూరు కాంతారావు, ప్రభాకరరెడ్డి వీళ్ళ మొహాలు కూడా ఈ వరసలోనే పదే పదే తగుల్తాయి.

ఆడవాళ్ళ పాత్రల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే టైటిల్స్‌లో కూడా వీళ్ళ పేర్లు చివర్లోకి తోసేస్తారు. ఋష్యేంద్రమణి, ఛాయాదేవి, హేమలత, సురభి బాలసరస్వతి. ఋష్యేంద్రమణి స్టేజీ మీద పద్యాలు పాడి వచ్చిన మనిషి, మాయాబజార్లో సుభద్ర. ఛాయాదేవి అదే సినిమాలో రేవతి. డబ్బు చూసి మనసు మార్చుకునే వదినగా ఛాయాదేవి కళ్ళు తిప్పే తీరు, ఎదురుగా మాట పడ్డ సుభద్రగా ఋష్యేంద్రమణి తలెత్తే తీరు, ఆ ఒక్క సీన్ చాలు.

5. మాయాబజార్‌ని గుర్తుపట్టే పరీక్షగా వాడుకోండి

పైన కారణం చెప్తానన్నాను కదా, ఇదే. మన పక్క పాత్రల నటుల్లో అంతమంది ఒకేచోట దొరికే సినిమా ఇంకోటి లేదు. హిడింబిగా సూర్యకాంతం, చినమయ్యగా రమణారెడ్డి, లంబు జంబులుగా చదలవాడ, నల్ల రామ్మూర్తి, శర్మ శాస్త్రులుగా అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య, సారథిగా అంజి బాలకృష్ణ, దుశ్శాసనుడిగా ఆర్.నాగేశ్వరరావు, సాత్యకిగా నాగభూషణం. ఘటోత్కచుడు ద్వారకలో అడుగు పెట్టగానే దారికి అడ్డంగా కూచున్న ముసలాయన ఉంటాడు చూడండి, కృష్ణుడే ఆ రూపంలో వచ్చాడని తర్వాత తెలుస్తుంది, ఆ ముసలాయన వేషం కంచి నరసింహారావుది. సినిమాలో ఉన్నది కాసేపే గానీ అంత పెద్ద రంగారావు ముందు ఆ బక్క మనిషి ఎంత ధీమాగా ఉంటాడో.

పైన రాసిన పాత్రల పేర్లు ఒక కాగితం మీద, నటుల పేర్లు ఇంకో కాగితం మీద రాసి జత చెయ్యమని ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి. పిల్లలకి ఒక్కొక్కరికి ఒక నటుడిని అప్పగించి, తెర మీద కనబడగానే పేరు గట్టిగా చెప్పమనండి. 2010లో రంగులేసి మళ్ళీ విడుదల చేసిన కాపీ ఉంది, పిల్లలు నలుపు తెలుపు అనగానే మొహం తిప్పుకుంటే దానితో మొదలెట్టండి, నేనైతే నలుపు తెలుపే చూడమంటా, కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెలుగునీడలు అందులోనే ఉన్నాయి.

6. పేర్ల గందరగోళంలో పడకండి

తప్పులు ఎక్కువ దొర్లేది ఇక్కడే. రాజనాల ఇద్దరు. ఒకరు మనం పైన చెప్పుకున్న కాళేశ్వరరావు, రెండో ఆయన రాజనాల నాగేశ్వరరావు, టైటిల్స్‌లో ఆర్.నాగేశ్వరరావు అని ఉంటుంది, దొంగరాముడులో బాబులు వేసినాయన, 1959లోనే పోయారు. కాబట్టి 1960ల సినిమాలో రాజనాల అంటే అది కాళేశ్వరరావే. కాంతారావు ఇద్దరు, హీరో కాంతారావు, కుస్తీ వీరుడు నెల్లూరు కాంతారావు. శ్రీరంజని ఇద్దరు, అక్కచెల్లెళ్ళు, గుణసుందరిగా వేసింది వాళ్ళలో చెల్లెలు, జూనియర్ శ్రీరంజని. బాలకృష్ణ అని పాత కార్డులో కనబడితే అది అంజి. రామారావు, నాగేశ్వరరావు, సత్యనారాయణ లాంటి పేర్లు కనబడినప్పుడల్లా ఇంటి పేరు దొరికేదాకా పేజీలో ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి, ఊహించి రాయొద్దు. మీరు ఊహించి రాసింది ఇంకొకరు నిజమనుకుని ఎత్తి రాస్తారు, పదేళ్ళకి అదే చరిత్ర అయిపోతుంది.

7. ట్రిక్కు ఎలా చేశారో కొంచెం తెలుసుకోండి

ఇది సాంకేతికం కదా మనకెందుకు అనుకోవద్దు, నటుడు ఎంత కష్టపడ్డాడో తెలియాలంటే ఇది తెలియాలి. మనిషి మాయమవ్వాలంటే కెమెరా ఆపేస్తారు, ఆ మనిషి పక్కకి తప్పుకుంటాడు, మిగిలినవాళ్ళు చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే, నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోవాలి, మళ్ళీ కెమెరా తిరుగుతుంది. ఒక్క సైనికుడు బల్లెం జరిపినా దొరికిపోతుంది. ఒకే మనిషి రెండు రూపాల్లో కనబడాలంటే లెన్సు ముందు సగం మూసి ఒక సగం తీస్తారు, ఫిల్ము వెనక్కి తిప్పి రెండో సగం తెరిచి మళ్ళీ తీస్తారు, అప్పుడు నటుడు ఖాళీ గాలి వైపు చూస్తూ, తనకి తానే జవాబిస్తూ, సరిగ్గా లెక్క ప్రకారం మాట్లాడాలి. ఇలాంటి పనుల్లో రవికాంత్ నగాయిచ్ పేరు గుర్తుపెట్టుకోండి, 1961 సీతారామ కళ్యాణంతో కెమెరామన్‌గా వచ్చి తర్వాత హిందీలో దర్శకుడయ్యాడు.

ఈ మాయలన్నీ సినిమా వాళ్ళు కొత్తగా కనిపెట్టినవి కూడా కాదు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళు తీగలు కట్టి మనుషుల్ని గాల్లో ఎగరేయడం స్టేజీ మీదే చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. హైదరాబాద్‌లో ప్రదర్శన పడితే కుటుంబం అంతా వెళ్ళండి, సురభి కమలాబాయి ఏ బళ్ళో చదువుకుందో కళ్ళారా చూసినట్టు ఉంటుంది.

జగన్మోహినిలో జయమాలిని పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్ళు పెట్టి వంట చేసే సీన్ అందరికీ గుర్తు. అది చూసేటప్పుడు పక్కన దాన్ని చూసి బెదిరేవాళ్ళని చూడండి, ఆ సీన్ పండింది వాళ్ళ భయం వల్ల కూడా. విఠలాచార్య గారు తక్కువ డబ్బుతో, ఉన్న సెట్టింగునే అటూ ఇటూ మార్చి వాడుకుంటూ తీసేవారు, సెట్టు పాతదైనా అందులో నిలబడ్డ నటుడు ప్రతిసారీ అదే మొదటిసారి చూసినట్టు ఆశ్చర్యపోవాలి కదా.

8. పెద్దవాళ్ళని కూచోబెట్టి అడగండి

మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళు ఉంటే ఈ పని ఆలస్యం చెయ్యొద్దు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి పక్కన పెట్టండి, ముందే చెప్పి పెట్టండి. ఈ నటుడెవరు తాతయ్యా అని నేరుగా అడిగితే గుర్తులేదురా అంటారు. అలా కాకుండా ఫోటో చూపించి, ఈయన్ని ఏ హాల్లో చూశావు, టూరింగ్ టాకీసా, నేల టికెట్టా, పక్కన ఎవరొచ్చారు, ఈయన తెర మీదకి రాగానే జనం ఏమన్నారు అని అడగండి. హాలు గుర్తొస్తే సినిమా గుర్తొస్తుంది, సినిమా గుర్తొస్తే మనిషి గుర్తొస్తాడు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఆడ నటుల్ని తాతయ్యల కంటే బాగా గుర్తుపడతారు, చీర కట్టు, నగలతో సహా చెప్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు వీడియో కాల్లో స్క్రీన్ షేర్ పెట్టి ఈ పని చెయ్యొచ్చు, పెద్దవాళ్ళకి కూడా వారానికి ఒకసారి ఎదురుచూసే పని దొరుకుతుంది.

9. పండగ సాయంత్రం

ఇప్పుడు అసలు కార్యక్రమం. ఒక సాయంత్రానికి ఒక్క నటుడు లేదా నటి. ఇద్దరు ముగ్గుర్ని కలిపితే ఎవరూ గుర్తుండరు.

మొదటిసారికి నా సలహా సి.ఎస్.ఆర్. లేదా గోవిందరాజుల. పూర్తి సినిమా ఒక్కటి, దానికి ముందు వేరే రెండు సినిమాల్లోంచి చిన్న ముక్కలు. గోవిందరాజులకైతే ముందు కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు కాసేపు, తర్వాత బాలనాగమ్మలో ఫకీరు కాసేపు, ఆ తర్వాత ఇంటర్వెల్, అప్పుడు గుణసుందరి కథ మొత్తం. ముసలి పిసినారినీ, మాంత్రికుడినీ చూసిన కళ్ళతో రాజుని చూస్తారు కాబట్టి ఆ రాజు ఏడ్చినప్పుడు జనానికి మామూలు కంటే గట్టిగా తగుల్తుంది. ముక్కలు ముందే టైము రాసిపెట్టుకుని, ఆ రోజు పొద్దున్నే ఒకసారి నడిపి చూసుకోండి, జనం కూచున్నాక వెతుక్కుంటే ఊపు పోతుంది.

టీవీ సరిపోతుంది, ప్రొజెక్టర్ ఉంటే మేడ మీద తెల్ల దుప్పటి కట్టుకోండి, ముడతలు లేకుండా నాలుగు మూలలా బిగించండి. బొమ్మ కంటే సౌండు ముఖ్యం, పాత సినిమాల సౌండు గరగరమంటుంది, టీవీ స్పీకర్లో మాటలు సరిగ్గా తెలియవు, ఒక మామూలు బయట స్పీకర్ పెట్టి బేస్ తగ్గించండి, మాట తేటగా వినబడుతుంది. మన ఇంటివాళ్ళు, నాలుగు స్నేహితుల కుటుంబాలు అయితే ఇబ్బంది లేదు, హాలు తీసుకుని జనాన్ని పిలిచి వేయాలంటే మాత్రం హక్కులున్నవాళ్ళ దగ్గర అనుమతి తీసుకోవాలి.

మొదలెట్టే ముందు రెండు నిమిషాలు మించకుండా మాట్లాడండి. ఆ నటుడి ఫోటో తెర మీద ఆపి ఉంచి, పూర్తి పేరు, ఊరు, సినిమాకి రాకముందు ఏం చేసేవారు, ఇప్పుడు ఏ మూడు వేషాలు చూడబోతున్నాం, అంతే. రమణారెడ్డి గారి సాయంత్రం అయితే ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేశాడనీ, నిజంగానే ఇంద్రజాలం నేర్చుకుని ప్రదర్శనలు ఇచ్చాడనీ చెప్పండి, ఆ తర్వాత చినమయ్య మంత్రాలు చదువుతుంటే పిల్లలు ఎలా చూస్తారో మీరే చూడండి. కష్టాల కథలు, చివరి రోజుల బాధలు ముందే చెప్పొద్దు, జాలితో చూడటం మొదలెడితే నటన కనబడదు.

సినిమా మధ్యలో ఆపకండి. ఎంత చెప్పాలనిపించినా ఆగండి. అయిపోయాక ఒక్క సీన్ వెనక్కి వెళ్ళి మళ్ళీ వెయ్యండి, అప్పుడు మాట్లాడుకోండి, పెద్దవాళ్ళని ముందు మాట్లాడనివ్వండి.

10. దొరికింది దాచి పెట్టండి

నోటుబుక్కులో రాసింది నెలకోసారి కంప్యూటర్లోకి ఎక్కించండి, ఒక్కో నటుడికి ఒక్కో ఫైలు, సినిమా, ఏడాది, పాత్ర, నిమిషం, ఎలా తెలిసింది. ఆ చివరి గడి చాలా ముఖ్యం, టైటిల్స్‌లో చూశామా, పాటల పుస్తకంలోనా, గొంతు పట్టి మనం అనుకున్నదా, ఇంట్లో పెద్దాయన చెప్పిందా, వేరువేరుగా రాయండి. పాటల పుస్తకాలు, పాత సంచికలు దొరికితే పేజీలు విడదీయకుండా పై నుంచి ఫోటో తీయండి, స్కానర్ మీద వేసి నొక్కితే కుట్టు దగ్గర చిరిగిపోతాయి.

తెలుగు వికీపీడియాలో పాత సినిమాల పేజీలు చాలావాటిలో నటవర్గం దగ్గర నాలుగు పేర్లే ఉంటాయి. టైటిల్ కార్డు చూసి మిగిలిన పేర్లు చేర్చండి, ఆధారం రాసి చేర్చండి. ఒక సినిమా పేజీ పూర్తి చెయ్యడానికి గంట పడుతుంది. పాతాళ భైరవి, మాయాబజార్ లాంటివి ఎవరో ఒకరు చూసుకుంటారు, మీరు 1960ల నాటి చిన్న జానపదం ఏదైనా తీసుకోండి, కాంతారావుదో ఇంకెవరిదో, టైటిల్స్ ఉన్న కాపీ దొరికినదైతే చాలు, ఈ ఆదివారం దాంతోనే మొదలెట్టండి.